బావగారు దిగిపోతున్నారు

మా బావగారు తన పత్రికకు కొత్త ప్రధాన సంపాదకుణ్ణి వెతకడం మొదలుపెట్టేనాటికి మేముంటున్న యూఏఈలో సెలవులు శుక్ర, శనివారాలు. 2022 జనవరిలో అవి శని, ఆదివారాలయ్యాయి. షార్జా వాళ్లు ఇంకాస్త ఉదారంగా శుక్రవారాన్నీ కలుపుకుని మూడు రోజులు చేసుకున్నారు. దుబాయ్‌లో సాలిక్ టోల్ గేటు ఎప్పుడు దాటినా నాలుగు దిర్హాములే తీసుకునేవాళ్లు, 2025 నుంచి రద్దీ వేళల్లో ఆరు తీసుకుంటున్నారు. చుట్టూ ఇన్ని మారాయి. బావగారి వెతుకులాట మాత్రం మొదలైన చోటే ఉండిపోయింది.

ఇలాంటి పెద్దమనిషి మీకూ తెలిసే ఉంటారు. గుడి కమిటీలో ఉంటారు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఉంటారు, గల్ఫ్‌లో అయితే ఉగాది సంబరాల వేదిక మీద ముందు వరసలో ఉంటారు. మైకు చేతికందగానే "ఇక నా వల్ల కాదు, కుర్రాళ్లు ముందుకు రావాలి" అంటారు. ఎవరో ఒక అమాయకుడు నిజంగానే ముందుకొస్తే "అంత తొందరెందుకు బాబూ" అంటారు. మా బావగారిది ఆ జాతే. కాకపోతే ఆయన చేతిలో ఉన్నది గుడి కాదు, జర్నల్. షార్జాలోని ఒక కాలేజీ తరఫున మూడు నెలలకోసారి వస్తుంది. కాలేజీ పేరు చెప్పను. చెబితే అక్క మళ్లీ భోజనానికి పిలవదు.

పత్రిక విషయం ఎండ దేశాల్లో కాంక్రీటు. నవ్వకండి. ఇక్కడ జులైలో పగటి వేడి నలభై అయిదు డిగ్రీల దాకా పోతుంది. ఆ ఎండలో పోసిన కాంక్రీటు లోపల బిగుసుకునే లోపే పైపొర ఆరిపోయి బీటలిస్తుంది. అందుకని రాత్రిళ్లు పోస్తారు, కలిపే నీళ్లలో ఐసు వేస్తారు. బుర్జ్ ఖలీఫాకి ఎండాకాలంలో అలాగే పోశారు. 606 మీటర్ల ఎత్తుకి పంపుతో కాంక్రీటు ఎక్కించి రికార్డు కొట్టారు. 2004లో మొదలెట్టి 2010 జనవరి 4న ప్రారంభం చేసేశారు. ఆరేళ్లలో అంత టవరు లేచింది. బావగారి వారసుడు మాత్రం పునాదుల్లోనే ఉండిపోయాడు.

ప్రధాన సంపాదకుడంటే పెద్ద హోదా అనుకుంటారు బయటివాళ్లు. చాలా పత్రికల్లో జీతం ఉండదు, గౌరవ వేతనం ఉన్నా కరక్ చాయ్ ఖర్చులకే సరి. వచ్చిన వ్యాసాల్లో చాలావాటిని గుమ్మంలోంచే వెనక్కి పంపాలి. మిగిలినవాటికి ఇద్దరేసి సమీక్షకుల్ని పట్టుకోవాలి. పదిమందికి మెయిల్ పెడితే ఇద్దరు ఒప్పుకుంటారు, ఆ ఇద్దరిలో ఒకరు మాయమవుతారు. మిగిలిన ఒక్కరూ ఎప్పుడూ కోపంగానే ఉంటారు. నకలు కొట్టారేమోనని సాఫ్ట్‌వేర్‌లో వేసి శాతం చూడాలి. వ్యాసం తిరగ్గొట్టించుకున్నవాడు డీన్‌కి ఫిర్యాదు రాస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఇంత చాకిరీకీ దక్కేది అట్ట వెనక పేజీలో పేరు.

ఆ పేరు ఆయనకెంత ముఖ్యమో గుంటూరులో మేనల్లుడి పెళ్లప్పుడు తెలిసింది. శుభలేఖలో ఆయన పేరు ముందు "ప్రొఫెసర్" అని మాత్రమే వేశారు. బావగారు ఏమీ అనలేదు. సూట్‌కేసులోంచి జర్నల్ రబ్బరు స్టాంపు తీసి, పసుపు రాసిన మూలకి తగలకుండా, పంచగా మిగిలిన శుభలేఖలన్నిటి మీదా "చీఫ్ ఎడిటర్" అని ఊదారంగులో కొట్టారు. పెళ్లికి రబ్బరు స్టాంపు తెచ్చుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

అయితే ఒకటి చెప్పాలి. ఆయన పని ఆయనకొచ్చు. ఒకసారి ఎవరో బలమైన కాంక్రీటు గురించి ఇరవై పేజీల వ్యాసం పంపారు. గ్రాఫులు, పట్టికలు, అంతా దివ్యంగా ఉంది. సమీక్షకులిద్దరూ బ్రహ్మాండం అన్నారు. బావగారు పట్టికలో తేదీల మీద వేలు పెట్టి నాకు చూపించారు. పరీక్ష క్యూబులు పోసింది ఫిబ్రవరి 10న. వ్యాసం పంపింది మార్చి 1న. లోపల 28 రోజుల బలం రెండు దశాంశాల దాకా లెక్కగట్టి ఉంది. "ఈయన క్యూబులకి 28 రోజులు ఇంకా రానేలేదోయ్" అన్నారు. ఆ రాత్రి ఆయన మొహంలో వెలుగు చూడాలి. అలాగే ఒక సూడాన్ కుర్రాడి వ్యాసం ఇంగ్లిషు బాగాలేదని అందరూ తోసేస్తే, కూచుని వాక్యం వాక్యం తిరగరాశారు. క్యూబుల్ని నీళ్లలో నానబెట్టాడా, తడి గోనెపట్టా కప్పాడా అని అడగడానికి ఖార్తూమ్‌కి సొంత ఖర్చుతో ఫోన్ చేశారు. ఇలాంటివి చూసినప్పుడు ఈయన దిగకపోయినా ఫరవాలేదనిపిస్తుంది. తెల్లారి ఆయన ఫోన్ వస్తే ఆ అభిప్రాయం పోతుంది.

వెతుకులాటకి ఒక కమిటీ ఉండేది. బావగారు, రూర్కెలాలో ఉంటున్న ఆయన క్లాస్‌మేటు ఒకాయన, నేను. కాంక్రీటుతో నాకున్న సంబంధమల్లా ఇంటి లోను. "నువ్వు తటస్థుడివి" అని వేసుకున్నారు. ప్రకటన నాతోనే టైపు చేయించారు. వయసు నలభై అయిదు మించకూడదు, అనుభవం పాతికేళ్లకి తగ్గకూడదు. స్వతంత్రంగా ఆలోచించాలి, ఇప్పుడున్న పద్ధతులేవీ మార్చకూడదు. షార్జాలో ఉండాలి, లేదా సాయంత్రం ఆరింటికి ఇత్తిహాద్ రోడ్డులో దుబాయ్ నుంచి షార్జా వచ్చినా మాట్లాడే స్థితిలో ఉండాలి. ఈ చివరిది ఒక్కటే నాకు న్యాయంగా తోచింది.

దీనికి తోడు స్కోపస్ భయం. పరిశోధన పత్రికల సూచిక అయిన స్కోపస్‌లో లేని పత్రికకి ఈ రోజుల్లో వ్యాసాలు రావు, ప్రమోషన్లకి పనికిరావు గనక. అందులో చేర్చాలా వద్దా అని తేల్చే మండలి ప్రధాన సంపాదకుడి పేరు ప్రతిష్ఠలు చూస్తుంది. సంపాదక వర్గం వేర్వేరు ప్రాంతాల నుంచి ఉందా అని కూడా చూస్తుంది. బావగారు తడుముకోకుండా తన సంపాదక మండలి జాబితా తీశారు. కాకినాడ, వరంగల్, తిరుపతి, అనంతపురం, రూర్కెలా. "అయిదూ అయిదు వాతావరణాలోయ్" అన్నారు. అయిదుగురూ ఒకే హాస్టల్లో చదువుకున్నారని నేను గుర్తుచేస్తే, "గదులు వేరు" అన్నారు.

ఇంటర్వ్యూకి రోజు కుదరడం మరో ప్రహసనం. శుక్రవారం షార్జాలో సెలవు, అబుదాబి వాళ్లకి మధ్యాహ్నం దాకా పని. శని, ఆదివారాల్లో బావగారు కాలేజీ గేటు తొక్కరు. మిగతా రోజుల్లో అందరికీ క్లాసులు. ఎండాకాలంలో అయితే మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా అసలే కుదరదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఆరుబయట పనిచేసే కార్మికులకి ప్రభుత్వం ఇచ్చిన విరామం అది. దాన్ని ఏసీ గదిలో కూచునే తనకీ వర్తింపజేసుకున్నారు.

చివరికి అక్కావాళ్ల ఇంట్లోనే, అల్ నహ్దాలో, ఒక శనివారం సాయంత్రం పెట్టారు. వచ్చింది ఖమ్మం అమ్మాయి. అబుదాబిలో అసోసియేట్ ప్రొఫెసర్. నూట యాభై కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వచ్చింది. అక్క మిరపకాయ బజ్జీలు పెట్టింది. బావగారు ఆ అమ్మాయి సీవీ అందుకుని, ఎర్ర పెన్ను మూత తీశారు. మొదటి పేజీలో రెండు కామాలు తీసేశారు. రెండో పేజీలో పుటల సంఖ్యల మధ్య ఉన్న పొట్టి గీతలన్నీ పొడుగు గీతలు చేశారు. ఇదంతా చేస్తూనే 1998లో ప్రెస్సువాడు నాలుగో సంచికకి మూడో సంచిక అట్ట వేసిన కథ మొదట్నుంచీ చెప్పారు. బజ్జీలు చల్లారాయి. కథ అయ్యాక సీవీ ఆ అమ్మాయి చేతికి తిరిగి ఇచ్చారు.

"థాంక్యూ సార్" అని చూసుకుని, "కానీ ఇక్కడ మీరు దిద్దింది మా యూనివర్సిటీ పేరు సార్. వాళ్లు అలాగే రాసుకుంటారు" అంది.

"వాళ్లూ మార్చుకోవాలమ్మా" అన్నారు బావగారు.

ఆ అమ్మాయి వెళ్లాక తీర్పు చెప్పారు. "తెలివైందే. వినే ఓపిక తక్కువ."

తర్వాత వచ్చిన ఈజిప్టు ప్రొఫెసర్ ఆయన అన్నదానికల్లా తలూపాడు. సొంత అభిప్రాయం లేదన్నారు. అజ్మాన్ నుంచి వచ్చినాయన గౌరవ వేతనం ఎంతని అడిగాడు. వ్యాపారి అన్నారు. ఇంకొకాయన ఏమీ అడగలేదు. ఆసక్తి లేదన్నారు. "ఏడు రోజుల బలం చూసి మోసపోకూడదోయ్, 28 రోజులు ఆగి చూడాలి" అని అందర్నీ ఆపి ఉంచారు. ఆగినవాళ్లు ఆగినట్టే వేరే పత్రికల్లో చేరిపోయారు.

అందరిలోకీ ఆయన్ని భయపెట్టింది హైదరాబాద్ నుంచి జూమ్‌లో కనబడిన ఒకాయన. "నేను ఇప్పటికే నాలుగు జర్నల్స్‌కి చీఫ్ ఎడిటర్నండీ, మీది అయిదోది" అన్నాడు చిరునవ్వుతో. బావగారు లాప్‌టాప్ మూసేశారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. మన హైదరాబాద్ నుంచి నడిచే ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. ఫీజుల సంగతి దాచారని, సమీక్ష పేరుకే జరిపారని, అడక్కుండానే శాస్త్రవేత్తల పేర్లు సంపాదకులుగా వేసుకున్నారని అభియోగం. 2019లో కోర్టు అయిదు కోట్ల డాలర్లకి పైగా కట్టమంది. అంతకు ముందే, 2018లో, యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికల్ని ఒక్క వేటున ఏరిపారేసింది. ఆ ఏరిపారేసినవాటిలో తన పత్రిక ఉందేమోనని బావగారు రాత్రంతా కూచుని వెతికారు. లేదు. అసలు ఆమోదించిన జాబితాలోనే ఎప్పుడూ లేదు కాబట్టి తీసేయడానికీ లేదు.

సంపాదకుల నియామకం ఎంత తేలికో తేల్చడానికి పోలండ్ పరిశోధకులు 2015లో ఒక పని చేశారు. అన్నా షుస్ట్ అనే లేని మనిషిని పుట్టించి, అనుభవమే లేని సీవీ ఒకటి రాసి, సంపాదకురాలిగా చేర్చుకోమని 360 పత్రికలకి పంపారు. 48 పత్రికలు చేర్చుకున్నాయి. నాలుగైతే ఏకంగా ప్రధాన సంపాదకురాలిని చేశాయి. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలో మైక్ డాబ్ అనే ప్రజారోగ్య ఆచార్యుడు ఇంకో మెట్టు ఎక్కి తన పెంపుడు కుక్క ఓలీ చేత డాక్టర్ ఒలీవియా డాల్ పేరుతో దరఖాస్తు పెట్టించాడు. 2017 నాటికి ఆ కుక్క ఏడు పత్రికల సంపాదక వర్గాల్లో ఉంది. దానికి ఒక వ్యాసం సమీక్షకి కూడా పంపారు. ఈ సంగతి చెబితే బావగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు:

"సమీక్ష గడువులోపల పంపిందా?"

అంత దూరం వెళ్లక్కర్లేదు. షార్జాలో, ఎయిర్‌పోర్టు ఫ్రీ జోన్‌లో, బెంథామ్ సంస్థ ఉంది. 2009లో ఫిలిప్ డేవిస్ అనే కార్నెల్ విద్యార్థి కంప్యూటర్ ప్రోగ్రాం అల్లిన అర్థంలేని వ్యాసం ఒకటి వాళ్ల పత్రికకి పంపాడు. ఒప్పుకున్నాం, 800 డాలర్లు షార్జా పోస్టు బాక్సుకి పంపమని జవాబొచ్చింది. సంగతి బయటపడగానే ఆ పత్రిక ప్రధాన సంపాదకుడు బంబాంగ్ పర్మాంతో రాజీనామా చేశాడు. ఆ వ్యాసం ఆయన కంట పడనేలేదు. అదే ఏడు, అదే సంస్థకి చెందిన మరో పత్రికలో తనకి చెప్పకుండా ఒక వ్యాసం వేశారని మారీ పౌల్ పిలేనీ అనే ఫ్రెంచి ఆచార్యురాలూ తప్పుకుంది. పరువు ముఖ్యమనుకుని చటుక్కున లేచిపోయారు ఇద్దరూ. ఇందులో మీకు ఆత్మగౌరవం కనిపిస్తుంది. బావగారికి కనిపించింది వేరు. "వారసుణ్ణి చూడకుండా దిగిపోవడం బాధ్యతారాహిత్యమోయ్" అన్నారు.

2023లో న్యూరోఇమేజ్ పత్రిక సంపాదకులు నలభైమందికి పైగా ఒక్కసారే వెళ్లిపోయారు. వ్యాసానికి 3,450 డాలర్లు వసూలు చేయడం అన్యాయమని, ప్రచురణకర్త తగ్గించనంటే లేచి సొంత పత్రిక పెట్టుకున్నారు. ఇది మాత్రం బావగారికి నచ్చింది. కాలేజీవాళ్లు ఆయన గది ఏసీ బాగుచేయించకపోతే మూకుమ్మడి రాజీనామా అని బెదిరిద్దామని మండలిలో అయిదుగురికీ ఫోన్ చేశారు. ఇద్దరు ఎత్తలేదు. ఇద్దరు తాము మండలిలో ఉన్నామన్న సంగతే మర్చిపోయారు. రూర్కెలా ఆయన మాత్రం "ఏ పత్రిక?" అన్నాడట.

దిగకపోవడానికి ఆయన దగ్గర చరిత్రంతా సిద్ధంగా ఉంది. లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 1665లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ మొదలుపెట్టాడు. 1667లో అనుమానం మీద ఆయన్ని టవర్ ఆఫ్ లండన్‌లో పెట్టారు. బయటికొచ్చి మళ్లీ పత్రికే నడిపాడు, 1677లో పోయేదాకా. "జైలుకెళ్లినా వదల్లేదు చూశావా" అంటారు బావగారు. నేచర్‌కి జాన్ మాడాక్స్ 1973లో దిగిపోతే 1980లో మళ్లీ పిలిచి కూచోబెట్టారు. "దిగడం వృథా ప్రయాస" అంటారు.

అన్నిటికన్నా ఆయనకి ఇష్టమైన కథ లాకియర్‌ది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల్ని గ్రహణం లేనప్పుడు కూడా చూడొచ్చని అక్కడ కనిపెట్టాడు. అదే సంగతి ఇంగ్లండులో నార్మన్ లాకియర్ విడిగా కనిపెట్టాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీలో ఒకే రోజు చదివారు. హీలియం కథలో ఇద్దరి పేర్లూ కలిపే చెబుతారు. ఆ లాకియరే మరుసటేడు, 1869లో, నేచర్ పత్రిక మొదలుపెట్టి 1919 దాకా యాభై ఏళ్లు సంపాదకుడిగా కూచున్నాడు. "గుంటూరుతో సంబంధం ఉన్నవాడు అంత తేలిగ్గా లేవడోయ్" అంటారు, అరండల్‌పేటలో పుట్టిన మా బావగారు. గుంటూరు వచ్చింది జాన్సెన్ కదా అంటే వినరు.

వంట గదిలోంచి అక్క అంటుంది: "మంచినీళ్ల సీసా కూడా ఇంకొకరికి ఇవ్వరు మీ బావ. కుర్చీ ఇస్తారట్రా?"

నేను నవ్వుతాను గానీ గట్టిగా నవ్వను. మా బిల్డింగ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్ని. ప్రతి సంక్రాంతికీ "ఇక వేరేవాళ్లు చూసుకోండి" అని పెడతాను. "మీరే ఉండాలి సార్" అని నలుగురు పెట్టేదాకా ఫోన్ పక్కన పెట్టను. ఒకసారి ముగ్గురే పెట్టారు. ఆ నాలుగోవాడెవరో నాకింకా గుర్తే.

బావగారి సొరుగులో వీడ్కోలు సంపాదకీయం ఒకటి ఉంది. నిజంగా బాగుంటుంది. ప్రతి సంచికకీ దాన్ని ప్రెస్సుకి పంపడానికి తీసేవారు, ఒక విశేషణం మార్చాలని మళ్లీ లోపల పెట్టేవారు. పోయినేడాది డీన్‌కి ఓపిక నశించింది. ఎవరినీ అడక్కుండా ఆ ఖమ్మం అమ్మాయిని ప్రధాన సంపాదకురాలిని చేసేసి, బావగారికి వ్యవస్థాపక సంపాదకులని బిరుదిచ్చి, ఇఫ్తార్‌కి పిలిచి శాలువా కప్పారు. మేమంతా భయపడ్డాం. బావగారు మాత్రం పెద్దమనసుతో లేచి, వ్యాసాల వెబ్‌సైటు పాస్‌వర్డు చీటీ మీద రాసి ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. అది పనిచేయలేదు. పాత వెబ్‌సైటుదట.

కొన్నాళ్లు రాత్రి పదింటికి రోజూ ఆ అమ్మాయికి ఫోన్ చేసి కామాల గురించి మాట్లాడారు. ఆ అమ్మాయి ఒక్క ముక్క ఎదురు చెప్పలేదు. "మీలాంటివాళ్లు చూస్తేనే సార్ నాకు ధైర్యం" అని ఒక వ్యాసం సమీక్షకి పంపింది, మూడు వారాల గడువు పెట్టి. బావగారు పొంగిపోయారు. ప్రింటు తీయించుకున్నారు. ఎర్ర పెన్ను కొత్తది కొన్నారు. ముప్ఫయ్యేళ్లుగా గడువు దాటిన సమీక్షకుల్ని పేరుపేరునా తిట్టిన మనిషి. మూడు వారాలూ గడిచాయి. మొదటి పేజీ దాటలేదు, ఉపోద్ఘాతంలో ఏదో నచ్చలేదట. వెబ్‌సైటు దాని పని అది చేసింది: గౌరవనీయ సమీక్షకులకు, మీ సమీక్ష ఇంకా అందలేదు. రెండు రోజులకి మరొకటి. ఆ తర్వాత రోజుకొకటి.

నిన్న పొద్దున్నే ఫోన్ చేశారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు, అక్క వినకుండా కాబోలు.

"ఏమోయ్, నువ్వా అమ్మాయికి ఒకసారి ఫోన్ చేసి ఇంకో పది రోజులు గడువు అడగవా? నేనడిగితే బాగుండదు."